తెలిసి చల్లిన సందేహం

డాలస్ శివార్లలోని కాపెల్‌లో తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడ్డాయి. ఆ ఊరిని ఆనుకునే ఇర్వింగ్ ఉంది. న్యూయార్క్ నుంచి అక్కడికి మారుతున్నట్టు 1989లో ప్రకటించిన చమురు సంస్థ ఎక్సాన్, 2023లో హ్యూస్టన్ సమీపానికి తరలే దాకా ఇర్వింగ్ కేంద్రంగానే నడిచింది. సైన్సు మీద జనానికున్న నమ్మకాన్ని కంపెనీల డబ్బు ఎలా దెబ్బతీస్తుందో అర్థం కావాలంటే ఈ సంస్థ చరిత్ర చదవాలి. వాతావరణ మార్పు గురించి దానికి తెలియక కాదు, అందరికంటే ముందు తెలుసుకున్న సంస్థల్లో అదీ ఒకటి.

1977లో ఎక్సాన్ సీనియర్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్, బొగ్గూ చమురూ మండించడం వల్ల భూమి వేడెక్కే ప్రమాదముందని సంస్థ పెద్దలకు వివరించాడు. 1979లో ఎస్సో అట్లాంటిక్ అనే చమురు నౌకకు పరికరాలు బిగించి, గాలిలోనూ సముద్రపు నీటిలోనూ కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం మొదలుపెట్టారు. బయటివారికి ఇవ్వరాదన్న షరతుతో 1982లో యాజమాన్యానికి అందిన నివేదికలో ఒక గ్రాఫు ఉంది. 2020 ప్రాంతానికి గాలిలో ఆ వాయువు పది లక్షల పాళ్లకు 415 దరిదాపులకు చేరుతుందనీ, ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి కాస్త అటూ ఇటూగా పెరుగుతుందనీ అందులోని గీత చెబుతుంది. నలభై ఏళ్ల తర్వాత కొలతలు దాదాపు అక్కడికే వచ్చాయి.

ఇక జనానికి చెప్పింది చూడండి. 1988లో నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ అమెరికా సెనేట్ ముందు హెచ్చరించిన మరుసటి ఏడాదే చమురు, బొగ్గు సంస్థలు గ్లోబల్ క్లైమేట్ కొయలిషన్ పేరిట ఏకమయ్యాయి. ఎక్సాన్ అందులో సభ్యసంస్థ. భూమి ఇరవై ఏళ్ల కిందటికన్నా చల్లగా ఉందని 1997లో బీజింగ్ సభలో ఎక్సాన్ అధిపతి లీ రేమండ్ అన్నాడు. 2000లో సంస్థ న్యూయార్క్ టైమ్స్‌లో స్థలం కొని, ఈ సైన్సు ఇంకా తేలలేదంటూ వ్యాసం రూపంలో ప్రకటన వేయించింది. శాస్త్రవేత్తలను ఓడించడం ఎవరి తరమూ కాదు. వాళ్లలో వాళ్లకే పొసగడం లేదని చదువరి అనుకుంటే చాలు, చట్టాలు వాయిదా పడతాయి. సిగరెట్ కంపెనీలు 1950లలోనే తొక్కిన దారి ఇది.

సందేహమే కదా సైన్సుకు ప్రాణం, తప్పేముంది అనవచ్చు. ఎక్సాన్ శాస్త్రవేత్తలు తమ పరిశోధనలను పత్రికల్లో ప్రచురించారన్నదీ, మదుపుదారులను మోసగించిందన్న కేసును 2019లో న్యూయార్క్ కోర్టు కొట్టేసిందన్నదీ నిజమే. అయితే పరిశోధకుడి సందేహం కొలతల వైపు నడిపిస్తుంది. కొలతలు చేతిలో ఉండగా ప్రకటనల్లో చల్లిన సందేహం వాటి నుంచి దృష్టి మళ్లిస్తుంది. 1977 నుంచి 2014 దాకా సంస్థకు చెందిన 187 పత్రాలను పరిశోధకులు సుప్రాన్, ఒరెస్కెస్ 2017లో పరిశీలించారు. శాస్త్ర పత్రాల్లోనూ, అంతర్గత పత్రాల్లోనూ దాదాపు 80 శాతం మానవ కారణాన్ని ఒప్పుకున్నాయి; పత్రికా ప్రకటనల్లో 81 శాతం దాన్ని శంకించాయి. శాస్త్ర పత్రికలు చదివేది కొద్దిమంది, ప్రకటనలు చూసేది లక్షలమంది. కోర్టు తేల్చిందీ మదుపుదారుల లెక్కల సంగతే; వాతావరణ బాధ్యత నుంచి సంస్థకు విముక్తి ఇవ్వడం లేదని న్యాయమూర్తి తీర్పులోనే స్పష్టం చేశారు.

ఎక్సాన్ అంతర్గత పత్రాలు పత్రికలకెక్కిన 2015లోనే, ఆ వేసవి వడగాల్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఆ మరణాలను ఒక్క సంస్థ ఖాతాలో వేయడం న్యాయం కాదు. కానీ ముదురుతున్న ఎండలకు మొదట బలయ్యేది పొలం కూలీ, రోడ్డు పనివాడు. జాప్యానికి మూల్యం చెల్లించేదీ వాళ్లే. అందుకే పరిశోధనకైనా, ప్రచారానికైనా డబ్బు ఎవరిదో బయటపెట్టడం చట్టబద్ధం కావాలి. సైన్సును గుడ్డిగా నమ్మమని ఎవరినీ అడగనక్కర్లేదు. శంకించేవాడి జీతం ఎక్కడి నుంచి వస్తోందో అడిగే హక్కు మాత్రం జనానికి దక్కాలి.