ఆ 8 కిలోమీటర్లు ఎవరివి?

శ్రీకాకుళం, విజయనగరం తీరంలో సముద్రానికి ఎవరూ పట్టా రాయలేదు గానీ, వేటకో పద్ధతి ఉండేది. అలివి వల దించాలంటే వంతు రావాలి. పడవ వలను చుట్టి వచ్చాక రెండు కొసలూ పట్టుకుని ఊళ్లోవాళ్లు ఒడ్డుకు లాగేవారు. వలకింత, పడవకింత పోగా మిగిలింది లాగిన చేతులకు. తగాదా వస్తే వాడబలిజ, జాలారి పెద్దలు కూర్చుని తప్పు వేసేవారు. గంపలు మోసి చేప అమ్మే ఆడవాళ్లకు మాత్రం ఆ రచ్చలో మాట లేదు. అందుకే దాన్ని స్వర్ణయుగమనడానికి నాకు నోరు రాదు.

1897 చట్టం మందుగుండు, విషం వేటను నిషేధించింది. మద్రాసులో 1907లో మత్స్యశాఖ మొదలైంది. ఊరి కట్టుబాటును అసలు కదిలించింది మాత్రం రొయ్య. ఎగుమతి ధర చూసి విశాఖ ట్రాలర్లు ఒడ్డుదాకా వచ్చి వలలు తెంపుకుపోతుంటే పెద్దలు ఎవరికి తప్పు వేస్తారు? సముద్ర వేట మీద రాష్ట్ర చట్టం 1994కు గానీ రాలేదు. దాని కింద 8 కిలోమీటర్ల లోపలి నీటిని సంప్రదాయ పడవలకు కేటాయించారు. కాపలా మాత్రం అధికారులదే.

హక్కును కాగితం మీద రాసిచ్చిన చోటా కథ సాఫీగా లేదు. న్యూజిలాండ్ 1986లో చేపల వేటను అమ్ముకోగల కోటాలుగా చీల్చింది. అక్కడి మూలవాసులైన మావోరీలు కోర్టుకెక్కి, 1992 ఒప్పందంతో ఓ పెద్ద చేపల కంపెనీలో సగం వాటా, కొత్తగా కోటా కిందికి వచ్చే చేపల్లో 20 శాతం సాధించారు. అయినా చాలా తెగలు ఆ కోటాను కౌలుకిచ్చుకుంటున్నాయి.

మన దగ్గర కోటాల్లేవు, సావుకారు అప్పుంది. అప్పు తీసుకున్నవాడి చేపకు ధర చెప్పేది ఆయనే. వేట గిట్టక కుర్రాళ్లు గుజరాత్‌లోని వెరావల్ బోట్లలో కూలికి పోయారు. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో విడుదలైనవాళ్లలో ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం వాళ్లున్నారు. అదే మండలంలోని బుడగట్లపాలెంలో 2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి 20,000 రూపాయల వేట నిషేధ భృతిని ప్రారంభించారు. మంచిదే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల ఆ నిషేధం లెక్క మాత్రం తూర్పు తీరమంతటికీ ఒకటే, ఏ ఊరికీ వేరు లేదు.

సీతంపేట కొండల్లో సవరలు వాగులో పట్టే చేప మీద కూడా 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక హక్కును గుర్తించింది. కళింగపట్నం ఒడ్డున వేటగాడికి అలాంటి చట్టమే లేదు. ఆడవాళ్లూ కూర్చునే ఊరి సభకు ఆ 8 కిలోమీటర్ల మీద అధికారం రాసివ్వాలి. ఓట్లకోసం పేటలకు వచ్చే నాయకులను ఈసారి అడగాల్సింది అదే.