రీలు డబ్బా నుంచి చేతి తెర దాకా: తెలుగు సినిమా పోస్ట్ ప్రొడక్షన్‌లో దూరం చరిత్ర

వ్యాససంగ్రహం:
జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలు తెలుగు సినిమాకు కేంద్రంగా మారిన నాటి నుంచి సినిమా సామగ్రికీ, దానిపై పనిచేసే నిపుణునికీ మధ్య దూరం ఒక సమస్యగానే ఉంది. రీలు డబ్బాల కాలంలోనూ, హార్డ్‌డిస్కుల కాలంలోనూ సామగ్రిని తరలించి ఆ దూరాన్ని దాటారు. మొబైల్ ఫోన్ నుంచి వర్చువల్ డెస్క్‌టాప్‌ను వాడే పద్ధతిలో సామగ్రి ఉన్నచోటే ఉంటుంది. దాని ప్రతిబింబం మాత్రమే ప్రయాణిస్తుంది. ఈ మార్పు వచ్చిన క్రమాన్ని, సినిమా భద్రతపై, పనివేళలపై, తెలుగు లిపి వాడకంపై, చరిత్ర రచనకు కావలసిన ఆధారాలపై దాని ప్రభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్, పోస్ట్ ప్రొడక్షన్, వర్చువల్ డెస్క్‌టాప్, మొబైల్, సినిమా చరిత్ర.

1. ఉపోద్ఘాతం:
తెలుగు సినిమా చరిత్ర చాలావరకు నటులు, దర్శకులు, నిర్మాతల చుట్టూ రూపుదిద్దుకుంది. చిత్రీకరణ ముగిసిన తరువాత ఎడిటింగ్ గదిలో, సౌండ్ గదిలో, దృశ్యప్రభావాల విభాగంలో జరిగే పనికి ఆ చరిత్రలో దక్కిన చోటు స్వల్పం. ఆ గదుల్లో వచ్చిన మార్పులను పరిశీలిస్తే ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ ఎదురవుతుంది: సినిమా ఎక్కడ ఉంది, దానిపై పనిచేసే వ్యక్తి ఎక్కడ ఉన్నాడు? ఈ ప్రశ్నకు ఒక్కో తరం ఒక్కో సమాధానం చెప్పింది. ఫోన్ తెరపై స్టూడియో కంప్యూటర్‌ను నడిపే నేటి పద్ధతి వాటిలో తాజాది. దీనిని కేవలం సౌకర్యంగా కాక, యాభై ఏళ్ల క్రమంలో ఒక దశగా చూడవలసి ఉంది.

2. మద్రాసు, హైదరాబాదుల మధ్య డబ్బా ప్రయాణం:
అమీర్‌పేటలోని సారథి స్టూడియోలో నిర్మించిన 'మా ఇంటి మహాలక్ష్మి' 1959లో విడుదలైంది. పూర్తిగా హైదరాబాదులో తీసిన తొలి తెలుగు చిత్రంగా దానిని పేర్కొంటారు. అక్కినేని నాగేశ్వరరావు స్థాపించిన అన్నపూర్ణ స్టూడియోస్‌ను 1976 జనవరి 14న నాటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ప్రారంభించారు. ఆ తరువాత జూబ్లీహిల్స్ పరిసరాల్లో పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వెలిశాయి. ఫిల్మ్‌నగర్ సినీవృత్తుల వారి నివాసంగా, కార్యస్థానంగా స్థిరపడింది.

చిత్రీకరణ హైదరాబాదుకు వచ్చినంత త్వరగా లాబొరేటరీ పని రాలేదు. జెమినీ, విజయా, ప్రసాద్ ల్యాబ్‌లు మద్రాసులో ఉండేవి. హైదరాబాదులో తీసిన నెగెటివ్ డబ్బాల్లో అక్కడికి చేరాలి. అక్కడ కడిగి ప్రింటు వేసిన రష్ చూసే దాకా దృశ్యం సరిగా వచ్చిందో లేదో తెలిసేది కాదు. దూరానికి చెల్లించిన మూల్యం ఆ నిరీక్షణే.

ఆనాటి పనిక్రమంలో గమనించవలసిన విశేషం మరొకటి ఉంది. ఎడిటర్ కత్తిరించి అతికించినది పాజిటివ్ ప్రతిని మాత్రమే. అసలు నెగెటివ్ ల్యాబ్‌లో భద్రంగా ఉండేది. ఫిల్ము అంచున ముద్రించిన సంఖ్యల ఆధారంగా, ఎడిటర్ నిర్ణయాలను నెగెటివ్ కటింగ్ నిపుణులు చివరలో అసలు ఫిల్ముపై అమలు చేసేవారు. మూలవస్తువును తాకకుండా దానిపై నిర్ణయాలు తీసుకోవడం, ఆ నిర్ణయాలను సంఖ్యల రూపంలో మరోచోటికి పంపడం అనే ఆలోచన సినిమా రంగానికి కంప్యూటర్ రాకముందే పరిచితమన్నమాట.

3. ఫైలు వచ్చిన తరువాత:
1989లో అమెరికాలో ప్రదర్శితమైన ఆవిడ్ వంటి కంప్యూటర్ ఎడిటింగ్ వ్యవస్థలు తరువాతి దశకంలో భారతీయ సినిమాలోకి ప్రవేశించాయి. క్రమంగా చిత్రీకరణ సైతం డిజిటల్ అయింది. 'ఈగ' (2012), 'బాహుబలి: ది బిగినింగ్' (2015) వంటి చిత్రాలు దృశ్యప్రభావాల పరిమాణాన్ని ఎంతో పెంచాయి. ఒక చిత్రానికి అనేక సంస్థలు పనిచేయడం, షాట్లు ఊరి నుంచి ఊరికి తిరగడం సాధారణమైంది.

ఆ భారం ఎంతటిదో చిన్న లెక్కతో గ్రహించవచ్చు. 2కె స్కానింగ్‌లో ఒక ఫ్రేము 2048 x 1556 బిందువులతో ఉంటుంది. 10 బిట్ల డీపీఎక్స్ రూపంలో అది సుమారు 12.7 మెగాబైట్లు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 150 నిమిషాల చిత్రంలో 2,16,000 ఫ్రేములుంటాయి; అంటే తుదిరూపం ఒక్కటే సుమారు 2.7 టెరాబైట్లు. తీసి వదిలేసిన దృశ్యాలు, పొరలు పొరలుగా చేసే గ్రాఫిక్స్ ఇందులో చేరలేదు. ఇంతటి సమాచారాన్ని నెట్ ద్వారా పంపడం కంటే హార్డ్‌డిస్కులో పెట్టి మనిషితో పంపడమే చాలాకాలం సులభంగా ఉండేది. రీలు డబ్బా పోయినా డబ్బా మోసే పని పోలేదు.

అయితే నెగెటివ్‌కు ఉన్న ఏకైకత ఫైలుకు లేదు. నకలు అసలుతో సమానం. నకలు తీసిన జాడ కూడా పైకి కనిపించదు. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' చిత్రంలో సుమారు సగభాగం విడుదలకు ముందే బయటపడింది. నిర్మాతలు విడుదలను ముందుకు జరిపి సెప్టెంబరు 27న చిత్రాన్ని థియేటర్లకు తెచ్చారు. థియేటర్‌లో కెమెరాతో దొంగచాటుగా తీసే పైరసీకి, విడుదల కాని ప్రతి చేతులు మారడానికి ఉన్న తేడాను పరిశ్రమ ఆ సందర్భంలో స్పష్టంగా చూసింది. సామగ్రిని తరలించడమే ప్రమాదానికి మూలమని తేలింది.

4. తెరను మాత్రమే పంపడం:
దూరం నుంచి కంప్యూటర్‌ను వాడే ఆలోచన సినిమా కోసం పుట్టలేదు. కేంబ్రిడ్జిలోని ఒలివెట్టి పరిశోధనశాలలో రూపొందిన వీఎన్‌సీ 1998లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ తన ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్‌తో ఆర్‌డీపీ పద్ధతిని ప్రవేశపెట్టింది. 2013 అక్టోబరులో ఆండ్రాయిడ్, ఐఫోన్‌లకు ఆ సంస్థ సొంత రిమోట్ డెస్క్‌టాప్ యాప్ వచ్చింది.

వీటి పనితీరు మూలంలో సరళమే. దూరంలోని కంప్యూటర్ తన తెరపై మారిన భాగాలను గుర్తించి, కుదించి పంపుతుంది. చేతిలోని పరికరం వాటిని చూపుతుంది. వేలి కదలికలను, అక్షరాల నొక్కులను తిరిగి పంపుతుంది. ఫైలు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. వర్చువల్ డెస్క్‌టాప్‌లో మరో మెట్టు ఉంది. అక్కడ ఒక్కొక్కరికీ ఒక భౌతిక యంత్రం ఉండదు. ఒక పెద్ద సర్వర్‌ను సాఫ్ట్‌వేర్‌తో విభజించి అనేక డెస్క్‌టాప్‌లుగా అందిస్తారు. గ్రాఫిక్స్ శక్తిని కూడా పంచుతారు. పని పూర్తయ్యాక ఆ డెస్క్‌టాప్‌ను రద్దు చేయవచ్చు.

నెగెటివ్ ల్యాబ్‌లోనే ఉండి, నిర్ణయాలు మాత్రమే ప్రయాణించిన పాత పద్ధతికి ఇది దగ్గరి బంధువు. ఫైళ్ల కాలంలో చెదిరిన క్రమం మరో రూపంలో తిరిగివచ్చింది.

5. 2020 నాటి మలుపు:
అవసరం 2020లో ఎదురైంది. మార్చిలో చిత్రీకరణలు ఆగిపోయాయి. 25వ తేదీ నుంచి దేశమంతటా లాక్‌డౌన్ అమలైంది. యంత్రాలు స్టూడియోల్లో, మనుషులు ఇళ్లలో ఉండిపోయారు. ప్రపంచవ్యాప్తంగా దృశ్యప్రభావాల సంస్థలు తమ నిపుణులకు ఇంటి నుంచి స్టూడియో కంప్యూటర్లను నడిపే వీలు కల్పించాయి. మే నెలలో సినీప్రముఖులతో జరిగిన సమావేశంలో తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు, తక్కువమందితో గదుల లోపల సాగే పోస్ట్ ప్రొడక్షన్‌కు తొలిదశలో అవకాశమిచ్చే ప్రణాళికను సూచించారు. ఈ పనిని చిత్రీకరణ నుంచి వేరుచేసి చూడవచ్చని ప్రభుత్వ నిర్ణయమే గుర్తించినట్లయింది.

తరువాతి మార్పులు దీనికి తోడయ్యాయి. 2022 అక్టోబరులో దేశంలో 5జి సేవలు మొదలయ్యాయి. తొలి నగరాల్లో హైదరాబాదు ఒకటి. అదే నవంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ హైదరాబాదులో తన డేటా కేంద్రాల ప్రాంతాన్ని ప్రారంభించింది. సర్వర్ ఎంత దగ్గరగా ఉంటే స్పందన అంత త్వరగా అందుతుంది. సెకనుకు 24 ఫ్రేములంటే ఒక ఫ్రేము నిడివి సుమారు 42 మిల్లీసెకన్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 14,000 కిలోమీటర్ల దూరంలోని సర్వర్‌కు వెళ్లి రావడానికే కనీసం 140 మిల్లీసెకన్లు, అంటే మూడు ఫ్రేములకు పైగా పడుతుంది. ఎడిటర్ కోత పెట్టవలసిన చోటును ఆ ఆలస్యం తప్పిస్తుంది. దూరం పూర్తిగా పోలేదు. రోజుల నుంచి మిల్లీసెకన్లకు తగ్గింది.

6. చేతి తెర పరిమితులు, తెలుగు లిపి:
మొబైల్ అన్ని పనులకూ తగదు. మౌస్ కోసం రూపొందిన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చిన్న గుర్తులను వేలు కప్పేస్తుంది. కుదింపు వల్ల, తెరల తేడా వల్ల రంగులు మారతాయి కనుక రంగుల తుదినిర్ణయం ఫోన్‌పై చేయరాదు. రాత్రి సాగే రెండరింగ్ ఆగిపోయిందేమో చూసి మళ్లీ మొదలుపెట్టడం, ఒక షాట్‌ను పరిశీలించి అభిప్రాయం చెప్పడం, టైటిల్స్‌లో అక్షరదోషం దిద్దడం వంటి పనులకు అది చాలు.

చివరి పని తేలికగా కనిపించినా తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు అక్కడే ఉంది. తెలుగు ముద్రణ, డిజైన్ రంగాల్లో అను వంటి యూనికోడేతర ఫాంట్లు దీర్ఘకాలం రాజ్యమేలాయి. వాటిలో టైపు చేయడానికి ఆ కంప్యూటర్‌లోని ప్రత్యేక సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషు మీటల నొక్కులను తెలుగు గుర్తులుగా మారుస్తుంది. ఫోన్‌లోని తెలుగు కీబోర్డు పంపేది యూనికోడ్ అక్షరాలను. రెండింటికీ పొంతన కుదరదు. అను ఫాంటులో చేసిన టైటిల్‌ను ఫోన్ నుంచి దిద్దాలంటే ఇంగ్లీషు కీబోర్డుతో పాత మీటల అమరికను గుర్తుంచుకుని కొట్టాలి. యంత్రాన్ని దూరం నుంచి అందుకోవచ్చు. యూనికోడ్‌కు మారని లిపి మాత్రం పాత యంత్రం దగ్గరే ఆగిపోతుంది.

7. తాళం, పనివేళ, ఆధారం:
ఈ పద్ధతి మూడు విషయాలను మార్చింది. మొదటిది భద్రత. డబ్బా ఎవరి దగ్గర ఉందన్న ప్రశ్న స్థానంలో పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉందన్న ప్రశ్న వచ్చింది. ఫైళ్ల నకలును నిలిపివేయడం, తెరపై వాడుకరి గుర్తును నీటిముద్రగా చూపడం, రెండంచెల ధ్రువీకరణ వంటివి రక్షణలు. మరో ఫోన్‌తో తెరను చిత్రీకరించడాన్ని అవి ఆపలేవు; ఎవరి తెర నుంచి పోయిందో మాత్రం చెప్పగలవు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం అనధికార రికార్డింగుకు కనీసం 3 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలుశిక్షను నిర్దేశించింది.

రెండవది పనివేళ. స్టూడియో తలుపు మూసుకోవడం ఒకప్పుడు పనిరోజుకు హద్దు. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ వంటి చోట్ల అద్దె గదుల్లో ఉండే సహాయకునికి అర్ధరాత్రి ప్రయాణం తప్పడం నిజంగా మేలే. కాని జేబులోనే స్టూడియో ఉన్నప్పుడు పిలుపుకు వేళ ఉండదు. కాల్షీట్ గంటల లెక్కతో రూపొందిన వేతన ఒప్పందాల్లో పదినిమిషాల అర్ధరాత్రి పనిని ఎలా లెక్కించాలన్నది తేల్చుకోవలసిన విషయం. ఎడిటర్ పక్కన కూర్చుని చూసి నేర్చుకునే శిష్యరికానికి కూడా ఈ పద్ధతిలో చోటు తగ్గింది.

మూడవది చరిత్ర ఆధారం. డబ్బాలపై చీటీలు, ల్యాబ్ రిపోర్టులు, అంచు సంఖ్యల పట్టికలు పనిక్రమాన్ని చెప్పే పత్రాలు. రద్దయిన వర్చువల్ డెస్క్‌టాప్‌తో పాటు మధ్యంతర రూపాలు, మార్పుల క్రమం కూడా పోవచ్చు. మిగిలే ప్రవేశ నమోదులు ఎవరు ఎప్పుడు వచ్చారో చెబుతాయి గాని ఏ నిర్ణయం ఎందుకు జరిగిందో చెప్పవు.

8. ముగింపు:
మద్రాసు ల్యాబ్‌కు వెళ్లిన నెగెటివ్ నుంచి ఫోన్ తెరపై కనిపించే షాట్ దాకా, తెలుగు సినిమా పోస్ట్ ప్రొడక్షన్ దూరంతో జరిపిన వ్యవహారమే ఈ చరిత్ర. సామగ్రిని కదిలించిన కాలంలో నష్టం సామగ్రికి జరిగింది. ప్రతిబింబాన్ని కదిలించే కాలంలో సామగ్రికి కొంత రక్షణ దొరికింది. పనిచేసేవాని విశ్రాంతికి, పని జాడలకు ఆ రక్షణ ఇంకా లేదు. పనిగంటల ఒప్పందాల్లో దూరపు పనిని చేర్చడం, చిత్రం పూర్తయ్యాక ప్రాజెక్టు ఫైళ్లను, మార్పుల వివరాలను భద్రపరచడం, టైటిల్స్‌ను యూనికోడ్‌లో రూపొందించడం తక్షణ అవసరాలు. పరిశోధకులు నిర్మాణ సంస్థల నుంచి ఈ డిజిటల్ పత్రాలను ఇప్పుడే సేకరించడం మొదలుపెట్టకపోతే, 1970ల నాటి ఎడిటింగ్ గది గురించి తెలిసినంతైనా 2020ల నాటి గది గురించి రేపటి తరానికి తెలియదు.