పది దినముల అతిథి, బ్రదుకంత స్నేహితుడు



నస్పూరు, శ్రీరాంపూరు కాలనీలలో నివసించు మనకు అతిథులు క్రొత్త కాదు. దూరదేశపు సహోదరులు మంచిర్యాల స్టేషనులో దిగి, వారమునకో పది దినములకో మన సంఘములకు వచ్చుచుందురు. మనము పూలదండలు వేసి, వేదికమీద కూర్చుండబెట్టి, పాటలు పాడుదుము. వారు వాక్యము చెప్పుదురు, పిల్లలకు మిఠాయిలు పంచుదురు, అందరితో కలసి ఫోటో తీయించుకొందురు. పదకొండవ దినమున రైలెక్కి పోవుదురు. ఈ కాలమున మన పిల్లలు సహితము ఇట్టి ప్రయాణములు చేయుచున్నారు. పై దేశమునకు పోయి, కొద్ది దినములు పరిచర్య చేసి తిరిగి వచ్చుచున్నారు. అయితే రైలు పోయిన పిమ్మట మిగులునదేమి?

మా సంఘములో ఒక వృద్ధుడు కలడు. ముప్పది యేండ్లు బాయిలో ఫిల్లరుగా పనిచేసి దిగినవాడు. వచ్చిన అతిథులలో ఎవరెవరు జ్ఞాపకమున్నారని నేనొకసారి అడిగితిని. గొప్ప ప్రసంగములు చేసినవారి పేరు ఒక్కటియు ఆయన చెప్పలేదు. "ఒక పిలగాడు వచ్చిండు సారూ. నా మంచం కాడ కూసున్నడు. బాయిల దీపం టోపీకి ఎట్ల పెట్టుకుంటరో చూపియ్యమన్నడు. నాతోని పచ్చిపులుసు పోసుకొని తిన్నడు. పోయినంక ఉత్తరం రాసిండు" అని చెప్పెను. ఆ ఉత్తరము ఆయన బైబిలులో నేటికిని ఉన్నది. దానిని చదువుటకు ఆయనకు ఆంగ్లము రాదు. అయినను పారవేయలేదు.

ఆ మాట విన్నప్పుడు నాకు మరియొక బొగ్గు సీమ చరిత్ర జ్ఞాపకము వచ్చెను. మనము పనిచేయు కంపెనీకి సింగరేణి అను పేరు గోదావరి యొడ్డున పుట్టలేదు. 1871లో విలియం కింగు అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889లో అక్కడ త్రవ్వకము ఆరంభమాయెను. ఆ బొగ్గును తెచ్చు శాఖా రైలుమార్గము పెద్ద మార్గమును కలియు చోటు డోర్నకల్. మంచిర్యాలలో బండి యెక్కి, పెద్దపల్లి, కాజీపేట, వరంగల్లు, మహబూబాబాదు దాటి పోయినయెడల ఆ స్టేషను వచ్చును. రైలువారికిని బొగ్గువారికిని మాత్రమే తెలిసియుండిన ఆ చిన్న స్థలమునుండి ఒక మనుష్యుడు సముద్రములు దాటి పోయి, లోకమంతటినుండి కూడివచ్చిన మిషనెరీల యెదుట స్నేహమును గూర్చి మాటలాడెను. ఆయనయే బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు.

అజరయ్యగారు పుట్టుకచేత తెలుగువారు కారు. తమిళ దేశపు తిరునెల్వేలి సీమలో వెల్లాలన్‌విళై అను పల్లెలో, గ్రామ గురువుగారి యింట 1874 ఆగస్టు 17న జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1895లో వై.యం.సి.ఎ. కార్యదర్శియైరి. మరుసటి సంవత్సరము అమెరికానుండి షెర్వుడ్ ఎడ్డీ అను యౌవనస్థుడు ఆ సంస్థ పనికే ఇండియాకు వచ్చెను. ఎడ్డీ అజరయ్యగారికంటె మూడేండ్లు పెద్దవాడు. తెల్లవారు పాలకులును మనవారు పాలితులునైన కాలమది. అట్టి కాలమున వీరిద్దరు కలసి ఊరూర తిరిగిరి, కలసి ప్రార్థించిరి. ఎడ్డీ తమిళము నేర్చుకొనెను. వారి స్నేహము ఒక సభలో పుట్టి ఒక ఫోటోతో ముగిసినది కాదు. అర్ధ శతాబ్దము నిలిచి, అజరయ్యగారి మరణమువరకు సాగెను.

1902లో అజరయ్యగారు సముద్రము దాటి సింహళ ద్వీపమందలి యాఫ్నాకు పోయిరి. అది కొద్దికాలపు ప్రయాణమే. వాక్యము చెప్పుటకై పోయినవారు అక్కడ తామే ఒక పాఠము నేర్చుకొనిరి. ఆ చిన్న ద్వీపమందలి తమిళ క్రైస్తవులు ఇతరుల ధనముకొరకు చూడక, తమ సొమ్ముతో తమవారిని సువార్త పనికి పంపుచుండిరి. తిరునెల్వేలి సంఘము దానికంటె ఎంతో పెద్దది. అయినను అట్టి పని చేయలేదు గదా యని అజరయ్యగారు సిగ్గుపడిరి. ఆ సిగ్గు వ్యర్థము కాలేదు. 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీ పుట్టెను. మన దేశస్థులు, మన ధనముతో, మన దేశస్థులయొద్దకు పోవు సంస్థ అది. ఆ సొసైటీ పనికి ఎన్నుకొన్న సీమ నైజాము రాజ్యములోని డోర్నకల్ ప్రాంతము.

ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. యాఫ్నాకు పోయినప్పుడు అజరయ్యగారు "వీరికి నేనేమి ఇత్తును?" అన్న ప్రశ్నతో మాత్రమే ఉండినయెడల, వారియొద్దనున్నది ఆయన కంటబడకపోవును. ఇచ్చుటకే పోవువాడు తన సంచిని చూచుకొనుచుండును. స్నేహితుడైతే ఎదుటివాని ముఖమును చూచును. కొద్ది దినముల ప్రయాణము చేయువారిలో ఎవడు ఏమి తెచ్చుకొనునో ఆ చూపునుబట్టి యుండును.

1909లో అజరయ్యగారు గురువుగా అభిషేకము పొంది డోర్నకల్‌కు వచ్చి కాపురముండిరి. మొదట డేరాయే వారి యిల్లు. పుట్టినది తమిళ దేశము, చదివినది ఆంగ్లము, పరిచర్య చేయవలసినది తెలుగువారిలో. ముప్పదియైదవ యేట అక్షరములు దిద్దు బాలునివలె తెలుగు నేర్చుకొనిరి. ఎడ్లబండ్లమీద పల్లెలు తిరిగిరి. ఊరి వెలుపల వాడలలో నివసించు మాల మాదిగ బీదలతో కలసి కూర్చుండిరి. మన దేశస్థుడే యైనను తెలుగు సీమకు ఆయనయు పరదేశియే. భాష రానివాని యిబ్బందియు, ఇతరుల యింట తినవలసినవాని సంకోచమును ఆయన స్వయముగా ఎరిగిరి.

మరుసటి సంవత్సరమే స్కాట్లండు దేశపు ఎడిన్‌బరో పట్టణమున లోక మిషనెరీ మహాసభ కూడెను. 1910 జూన్ 14 మొదలు 23 వరకు, పది దినములు అది జరిగెను. సుమారు 1,200 మంది ప్రతినిధులు వచ్చిరి. వారిలో ఆసియా ఖండమువారు ఇరువదిమందికి లోపే. జూన్ 20 సాయంకాలము ముప్పదియైదేండ్ల అజరయ్యగారు లేచి, పరదేశ పనివారును స్వదేశ పనివారును కలసి పనిచేయు విషయమై మాటలాడిరి.

వారు చెప్పినది క్లుప్తముగా ఇది. మిషనెరీలు మా దేశమునకు వచ్చి గొప్ప త్యాగములు చేసిరి. దానికి ఇండియా సంఘము తరతరములు కృతజ్ఞత కలిగియుండును. అయితే ఒకే జిల్లాలో ఏండ్ల తరబడి పనిచేయు మిషనెరీయు ఇండియా గురువును ఒకరి యింట ఒకరు భోజనము చేయరు, కష్టసుఖములు చెప్పుకొనరు. ఒకరు జీతమిచ్చు యజమానుడు, మరియొకరు జీతము పుచ్చుకొను సేవకుడు. ఈ సంబంధము మారనంతకాలము సంఘము తన కాళ్లమీద నిలువదు. చివరకు వారు పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని ప్రేమ అధ్యాయమును తలంపునకు తెచ్చిరి. బీదలకు ఆస్తినిచ్చిరి, శరీరములనిచ్చిరి, ఇక మాకు ప్రేమ కావలెను, స్నేహితులు కావలెను అని వేడుకొనిరి.

సభలో కొందరు సంతోషించిరి, కొందరు నొచ్చుకొనిరి. అంత పెద్ద సభలో, అంత మర్యాదగా పిలిచినవారి యెదుట అట్లు మాటలాడవచ్చునా యని అనుకొన్నవారు లేకపోలేదు. అయితే ఆలోచింపుడి. ఆయన పగవాడై యుండినయెడల ఇంటికి వచ్చి వెనుక నిందించియుందురు. ముఖస్తుతి చేయువాడై యుండినయెడల పొగడి పంపివేసియుందురు. స్నేహము కోరినవారు గనుకనే సత్యము పలికిరి. సత్యము పలుకలేని స్నేహము అతిథి మర్యాద మాత్రమే.

ఆ మాటలు పలుకుటకు ఆయనకు అధికారము ఎక్కడనుండి వచ్చెను? నిజమైన స్నేహితులు ఆయనకు ఉండిరి గనుకనే వచ్చెను. ఎడ్డీ ఒకడు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్‌గారు మరియొకరు. డోర్నకల్‌కు ఇండియావాడు బిషప్పు కావలెనని వైట్‌హెడ్‌గారు పట్టుబట్టినప్పుడు తెల్లవారిలో కొందరును, మన దేశస్థులలో కొందరును వలదనిరి. అయినను వారు వెనుదీయలేదు. 1912 డిశంబరు 29న కలకత్తా సెంట్ పాల్స్ కతీడ్రలులో అజరయ్యగారు ఆంగ్లికను సంఘమునకు మొట్టమొదటి ఇండియా బిషప్పుగా అభిషేకింపబడిరి. తన అధికారములో భాగమును స్నేహితుని చేతికిచ్చుట సులభము కాదు. బహుమానమిచ్చి పోవుటకంటె అది ఎక్కువ ఖర్చు.

ఆ స్నేహముల ఫలము ఒక్క తరముతో ముగియలేదు. 1919లో తరంగంబాడిలో వేర్వేరు మిషనులవారు కొద్దిమంది కూడి, సంఘములు ఏకము కావలెనని పిలుపునిచ్చిరి. వారిలో అజరయ్యగారును ఎడ్డీయు ఉండిరి. డోర్నకల్‌లో వారు కట్టించిన కతీడ్రలు 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. అందులో మన దేశపు గుడి స్తంభములును, మసీదుల మినార్లవంటి బురుజులును, గుమ్మటములును కలసియున్నవి. అది తూర్పుదేశపు జ్ఞానులు బాలయేసును చూడవచ్చిన సంగతిని జ్ఞాపకము చేసికొను పండుగ దినము. 1945 జనవరి 1న అజరయ్యగారు డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. తాము కోరిన ఏకసంఘమును వారు చూడలేదు. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడెను.

ఇక మన సంగతికి వత్తము. పది దినములలో స్నేహము కుదురునా? కుదురదు. ఎడ్డీ, అజరయ్యగారల స్నేహము సంవత్సరముల పని. అయితే పది దినములలో తలుపు తీయవచ్చును. ఆ తలుపును తెరచి యుంచునది పిమ్మటి ఉత్తరములు, పిమ్మటి ప్రార్థన, మరల వచ్చుట, మరల పిలుచుట. కాబట్టి పై దేశమునకు పోవు యౌవనస్థులారా, పోవుటకు ముందు పలుకరింపు మాటలైనను ఆ భాషలో నేర్చుకొనుడి. పెట్టినది తినుడి. ఫోటో తీయుటకు ముందు పేరు అడుగుడి. వ్రాసెదనని చెప్పినయెడల వ్రాయుడి. వ్రాయలేనియెడల చెప్పకుడి. అతిథులను చేర్చుకొను పెద్దలారా, వారిని ఎల్లప్పుడును వేదికమీదనే ఉంచకుడి. మొదటి షిఫ్టు దిగి వచ్చిన కార్మికుని యింటికి తీసికొనిపోవుడి. చాపమీద కూర్చుండనియ్యుడి, సర్వపిండి తిననియ్యుడి. వచ్చిన దినముననే మన అక్కరల జాబితా వారి చేతిలో పెట్టకుడి. చేయిచాచిన చోట యజమానుడు పుట్టును, స్నేహితుడు పుట్టడు.

మరియొక మాట వ్రాయక తప్పదు. ఇది వ్రాయుటకు నాకును సిగ్గుగానున్నది. ఆ వృద్ధుని మంచము మందిరమునకు నూరు గజముల దూరములో నున్నది. సముద్రము దాటివచ్చిన బాలుడు ఆయన యింట భోజనము చేసెను. నేను అనేక సంవత్సరములు అదే సంఘములో ఉండియు, ఆయన చెప్పిన ఆ దినమువరకు ఆ గడప లోపలికి పోలేదు. మన కాలనీలో అందరమును వేర్వేరు జిల్లాలనుండి బొగ్గుకొరకు వచ్చినవారమే. అయినను క్వార్టర్లవారు ఒక తట్టు, గుడిసెలవారు ఒక తట్టు. పర్మినెంటు పనివాడు ఒక వరుస, కాంట్రాక్టు కూలి వెనుక వరుస. ఏ కులమువాడో తెలిసికొని కొందరింట నీళ్లు పుచ్చుకొనువారును మనలో లేరా? బాయిలో దిగినప్పుడు కప్పు కూలునని కేక వేయువాని కులము ఎవరును అడుగరు. పైకి వచ్చిన పిమ్మట ఎందుకు అడుగుదుము? అజరయ్యగారు ఎడిన్‌బరోలో దొరలను అడిగిన ప్రశ్న మన సంఘపు గడపయొద్ద నేడు మనలను అడుగుచున్నది.

మన ప్రభువు తన శిష్యులను ఇక దాసులని పిలువక స్నేహితులని పిలిచినట్లు యోహాను సువార్త 15వ అధ్యాయములో చదువుచున్నాము. ఆయన వారి కాళ్లు కడిగిన రాత్రియే ఆ మాట చెప్పెను. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, ఇంతవరకు మీరు గడప త్రొక్కని ఒక్క సహోదరుని యింటికి పోవుడి. ఉత్త చేతులతో పోవుడి. ఆయన పెట్టినది తిని, ఆయన చెప్పునది విని రండి. నేనును పోవుచున్నాను. ఆ కృప ప్రభువు మనకందరికిని దయచేయును గాక. ఆమేన్.