బొమ్మలకు గొంతు వచ్చిన కాలము

మాటలాడు చిత్రములు పుట్టిన తొలినాళ్లలో అమెరికాయందు ధ్వనిని పట్టి నిలుపుటకు రెండు మార్గము లుండెను. వార్నర్ సోదరుల వైటాఫోన్ పద్ధతిలో ధ్వని పదునారంగుళముల గ్రామఫోను పలకపై, నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగుచు, వేరుగా నడచు ఫిలిముతో జతగూడి పలుకవలెను; ఫిలిము తెగి, అతికించువాడు నాలుగు బొమ్మలు పోగొట్టెనా, ఆ రీలు ముగియువరకు పెదవు లొకదారి, పలుకు లొకదారి. రెండవ మార్గమున ధ్వని వెలుగునీడలుగా మారి ఫిలిము అంచుననే సన్నని చారగా అచ్చుపడెడిది.

నటుని యెదుట మైక్రోఫోను నుంచిన అతని మాట ఉన్నది ఉన్నట్లు పట్టుపడును. గీతలబొమ్మకు సొంత గొంతు లేదు గనుక దాని ప్రతి కదలికకును శబ్దమును లెక్కగట్టి తగిలింపవలెను. ఆ లెక్కయే దానికి వరమైనది. సెకనునకు 24 బొమ్మలని స్థిరపడిన పిదప తాళమును బొమ్మలతోనే కొలువవచ్చును: పండ్రెండు బొమ్మల కొక దెబ్బ యన్న నిమిషమునకు 120 దెబ్బలు.

ఈ విద్యకు ఆద్యుడు వాల్ట్ డిస్నీ యనుట పరిపాటి. మాక్స్ ఫ్లైషర్ అంతకు కొన్నేండ్ల ముందే లీ డి ఫారెస్ట్ ఫోనోఫిల్మ్ పద్ధతిలో పాటల కార్టూనులు వెలువరించెను గాని, పేరు డిస్నీకే దక్కెను. దానికి కారణము లేకపోలేదు. 1928లో 'స్టీమ్‌బోట్ విల్లీ' కొరకు డిస్నీ పాట్ పవర్స్ అను వ్యాపారి సినిఫోను యంత్రమును కుదుర్చుకొని, న్యూయార్కులో వాద్యబృందమును కూర్చెను. వాద్యకారులు బొమ్మల వేగము నందుకొనలేక తొలి ప్రయత్నము విఫలము కాగా, కారును అమ్ముకొని మరల డబ్బు కూర్చి, ఈమారు ఫిలిముపై తాళమునకు ఎగిరిపడు బంతిని ముద్రించి, వాద్యనిర్వాహకుని దృష్టిని దానిపై నిలిపి పని నెరవేర్చెను. నవంబరు 18న కోలనీ థియేటరులో ప్రదర్శన.

పండ్రెండేండ్లకు, బ్రాడ్వే అని పేరు మార్చుకొనిన ఆ థియేటరుననే డిస్నీ చిత్రము 'ఫాంటేసియా' వెలువడెను. స్టొకోవ్‌స్కీ నిర్వహించిన ఫిలడెల్ఫియా వాద్యగోష్ఠిని అనేక ఫిలిములపై వేర్వేరుగా పట్టి, ఫాంటాసౌండ్ అను పద్ధతిలో మూడు ధ్వనిమార్గములుగను, హెచ్చుతగ్గులను శాసించు నాల్గవ చారగను మలచి, బొమ్మల ఫిలిముతోపాటు వేరు ఫిలిముపై నడిపిరి. వైటాఫోనునందువలెనే మరల బొమ్మను, ధ్వనిని జతపరుప వలసివచ్చెను! యంత్రములు బరువు, వ్యయము దుర్భరము, పైగా యుద్ధము. కొలది నగరములు తప్ప తక్కిన దేశము ఒంటి ధ్వనిమార్గముతోనే ఆ చిత్రమును వినెను. 1950ల నడుమ దానిని అయస్కాంతపు టేపునకు మార్చబోగా, ఫాంటాసౌండ్ యంత్రము స్టూడియోలో తప్ప వేరొకచోట లేదు. సంగీతమును టెలిఫోను తీగలవెంట హాలీవుడ్డులోని ఆర్.సి.ఏ. సంస్థవారికి పంపిరి. ఆ ప్రయాణమున తారస్థాయి ధ్వనులు కొంత క్షీణించెను.