థామస్ హికీ: మెకంజీ రూపచిత్రం

థామస్ హికీ (1741–1824) డబ్లిన్‌లో పుట్టి మద్రాసులో కన్నుమూసిన ఐరిష్ చిత్రకారుడు. వ్యక్తుల పోలికలను తైలవర్ణాలలో, అంటే నూనెలో కలిపిన రంగులతో, చిత్రించే రూపచిత్ర కళ ఆయన వృత్తి. 1780లో భారతదేశానికి బయలుదేరిన ఆయన ఓడ మధ్యలో శత్రు నౌకాదళానికి చిక్కడంతో కొన్నేళ్లు లిస్బన్‌లో గడిపి, ఆ తరువాతే కలకత్తా చేరాడు. చైనా చక్రవర్తి వద్దకు వెళ్లిన మెకార్ట్‌నీ రాయబారానికి చిత్రకారుడుగా పనిచేసి, 1798లో మద్రాసుకు వచ్చాడు. మరుసటి ఏడు శ్రీరంగపట్నం పతనం కావడంతో టిప్పు సుల్తాన్ కుమారులను, ఈస్టిండియా కంపెనీ అధికారులను, మైసూరు దివాను పూర్ణయ్యను చిత్రించే అవకాశం ఆయనకు దక్కింది. సంఖ్యలో ఈ చిత్రాలే ఎక్కువ అయినా, తెలుగువారి చరిత్రకు దగ్గరైనది మాత్రం 1816లో వేసిన కల్నల్ కాలిన్ మెకంజీ చిత్రమే.

స్కాట్లండుకు చెందిన లూయిస్ దీవిలో పుట్టిన మెకంజీ 1783లో మద్రాసు సైన్యంలో ఇంజనీరుగా చేరి, నిజాం రాజ్యంలోనూ ఆపై మైసూరులోనూ భూములను కొలిచి పటాలు గీయించి, 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్, అనగా సర్వే శాఖకు అధిపతి, అయ్యాడు. కొలతలతో ఆయనకు తృప్తి కలగలేదు; ఊరూరా శాసనాలను, తాళపత్రాలను, కైఫీయత్తులను, అంటే కరణాలూ పెద్దలూ చెప్పగా రాసుకున్న గ్రామ వృత్తాంతాలను, పోగుచేయించాడు. కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలకు దక్షిణాన కృష్ణ దాటితే వచ్చే పల్నాటి సీమ గ్రామాల చరిత్రకు నేటికీ ఒక ముఖ్య ఆధారం గుంటూరు కైఫీయత్తులు. అయితే స్థానిక భాషలు ధారాళంగా రాని మెకంజీకి ఈ పని సాధ్యమైంది ఏలూరుకు చెందిన కావలి సోదరుల వల్ల. అన్న వెంకట బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే మరణించగా, భారతీయ విజ్ఞానంలోకి తనకు తొలి ద్వారం తెరిచినది ఆయనేనని మెకంజీ తరువాత ఒక లేఖలో ఒప్పుకున్నాడు. బొర్రయ్య అనంతరం ఆ బాధ్యతను వెంకట లక్ష్మయ్య తలకెత్తుకున్నాడు. మరో తమ్ముడు వెంకట రామస్వామి 1829లో దక్కను కవుల జీవిత సంగ్రహాలను ఇంగ్లీషులో ప్రకటించాడు.

చిత్రంలో ఎర్రటి సైనిక దుస్తులలో మెకంజీ నిలబడి ఉండగా, ఆయన చుట్టూ ముగ్గురు భారతీయులు ఉన్నారు. ఒకరి చేతిలో తాళపత్ర గ్రంథం, మరొకరి చేతిలో దుర్భిణి కనిపిస్తాయి. తాళపత్రం పట్టినవాడు జైన పండితుడు ధర్మయ్య అనీ, దుర్భిణి పట్టిన బంట్రోతు కిష్నాజీ అనీ, మూడవవాడు కావలి లక్ష్మయ్య అనీ పరిశోధకులు గుర్తించారు. వెనుక దూరాన జైనుల ఆరాధ్యుడైన గోమఠేశ్వరుని మహావిగ్రహం నిలిచి ఉంది. ఆ కాలపు దొరల చిత్రాలలో భారతీయులు తరచు విసనకర్ర పట్టుకునో గుర్రం కళ్లెం పట్టుకునో మూలన ఉంటారు. హికీ వారిని కార్యాలయ సిబ్బందిగా, ఎవరి ముఖకవళికలు వారికే ఉండేలా, ఎవరి పనిముట్టు వారి చేతిలో పెట్టి చూపాడు. పటం నడుమ స్థానం దొరదే అయినా, ఆ సేకరణ వెనుక ఉన్న శ్రమ ఎవరిదో చిత్రకారుడు దాచలేదు. హికీ పనిలో ఇది అత్యుత్తమమని అనదగినది అందుకే.

మెకంజీ 1821లో మరణించిన తరువాత ఆయన సేకరణను కంపెనీ లక్ష రూపాయలకు కొన్నది. అందులో కొంత లండన్‌కు తరలిపోగా, దక్షిణాది భాషల ప్రతులు ఎక్కువగా మద్రాసుకు చేరాయి. తెలుగు కైఫీయత్తులకు శుద్ధ ప్రతులు రాయించినవాడు సి.పి. బ్రౌన్. ఆ సంపదను కూడబెట్టించే బాధ్యత చివరిదాకా తనకే దక్కాలని లక్ష్మయ్య ఎంత కోరినా, కంపెనీ ప్రభుత్వం ఆయనకు ఆ హోదా ఇవ్వలేదు. హికీ చిత్రం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.