పాలంపేట

పాలంపేట తెలంగాణ రాష్ట్రం ములుగు జిల్లా వెంకటాపూర్ మండలానికి చెందిన గ్రామం. రామప్ప గుడిగా పేరొందిన రుద్రేశ్వరాలయం, రామప్ప చెరువు ఇక్కడే ఉన్నాయి. ఊరి పేరు లోకానికి తెలిసింది గుడి వల్ల. ఊరి పొలాలు పండింది చెరువు వల్ల. కాకతీయులు ఊరినీ చెరువునూ గుడినీ ఒక్కటిగా తలచి కట్టారనడానికి పాలంపేట సజీవ సాక్ష్యం.

భౌగోళికం

వరంగల్‌కు ఈశాన్యంగా సుమారు 65 కిలోమీటర్ల దూరంలో, గోదావరి పరీవాహక ప్రాంతంలో ఈ ఊరు ఉంది. హనుమకొండ నుంచి ములుగు మీదుగా ఏటూరునాగారం వెళ్లే జాతీయ రహదారిలో జంగాలపల్లి వద్ద మలుపు తిరిగి ఇక్కడికి చేరుకుంటారు. దగ్గరి పెద్ద రైల్వే స్టేషన్లు వరంగల్, కాజీపేట. చుట్టూ గుట్టలు, అడవి, వాటి నడుమ వరి పొలాలు. 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరి, 2019 ఫిబ్రవరి 17న ఏర్పడిన ములుగు జిల్లాలోకి వచ్చింది.

చరిత్ర

ఊరి చరిత్రకు ప్రధాన ఆధారం ఆలయ ప్రాంగణంలోని శిలాశాసనం. శక సంవత్సరం 1135, శ్రీముఖ నామ సంవత్సర చైత్ర శుద్ధ అష్టమి ఆదివారం, అంటే క్రీ.శ. 1213 మార్చి 31న, రేచర్ల రుద్రుడు వేయించిన శాసనమిది. రుద్రుడు కాకతి గణపతిదేవుని సేనాని. గణపతిదేవుడు యాదవుల చెరలో ఉన్నప్పుడు రాజ్యం చెదరకుండా కాపాడినవాడు. శాసనంలో ఈ చోటు ఆతుకూరు పేరుతో కనిపిస్తుంది. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ఈ ప్రాంత ప్రాభవం తగ్గింది. హైదరాబాద్ సంస్థాన పురావస్తు శాఖకు సారథ్యం వహించిన గులాం యజ్దానీ 1922లో వెలువరించిన గ్రంథం పాలంపేట గుళ్లను పండితలోకానికి పరిచయం చేసింది.

రుద్రేశ్వరాలయం

తూర్పు ముఖంగా ఉన్న ఈ శివాలయాన్ని నక్షత్రాకారపు ఎత్తయిన అరుగుపై ఎర్ర ఇసుకరాతితో కట్టారు. పునాది గోతిని ఇసుకతో నింపి దానిపై కట్టడం లేపారు. శిఖరానికి వాడిన ఇటుకలు నీటిపై తేలేంత తేలికైనవి. పైబరువు తగ్గించడానికే ఆ ఏర్పాటు. రంగమండపంలోని నల్లరాతి స్తంభాలపై సూదిమొన పట్టేంత సన్నని రంధ్రాలు తొలిచారు. చూరు కింద నిలిచిన మదనికలనే స్త్రీ శిల్పాల్లో పామును ఒంటికి చుట్టుకున్న నాగిని, ఎత్తు మడమల పాదరక్షలు తొడిగిన యువతి చూపరులను ఆపేస్తాయి. ఇక్కడి నాట్యభంగిమలకూ, గణపతిదేవుని గజసాహిణి (ఏనుగుల దళాధిపతి) జాయపసేనాని రచించిన నృత్తరత్నావళికీ ఉన్న పోలికలు పరిశోధకులను ఆకర్షించాయి. నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని పునరుద్ధరించేటప్పుడు ఈ శిల్పాలను ఆధారంగా చేసుకున్నారు. రామప్ప అనేది ప్రధాన శిల్పి పేరని స్థానికుల విశ్వాసం.

చెరువు, సాగు

గుట్టలు సహజంగా ఏర్పరచిన పళ్లేనికి తెరిపి ఉన్న చోట కట్ట పోసి రామప్ప చెరువును నిర్మించారు. వానాకాలంలో గుట్టల మీది నీరంతా ఇందులోకి చేరుతుంది. తూముల ద్వారా ఆయకట్టుకు పారుతుంది, నిండితే మత్తడి దూకుతుంది. పాకాల, లక్నవరం, గణపురం చెరువులతో పాటు కాకతీయుల గొలుసు చెరువుల వ్యవస్థలో ఇది ముఖ్యమైనది. ఎనిమిది శతాబ్దాల కట్ట కింద ఇప్పటికీ వరి పండుతోంది. దేవాదుల ఎత్తిపోతల పథకంతో గోదావరి నీరు కూడా ఈ చెరువుకు చేరింది.

ప్రపంచ వారసత్వ గుర్తింపు

చైనాలోని ఫుజౌ వేదికగా జరిగిన యునెస్కో ప్రపంచ వారసత్వ కమిటీ 44వ సమావేశం 2021 జూలై 25న రామప్ప ఆలయాన్ని జాబితాలో చేర్చింది. తెలుగు రాష్ట్రాల్లో ఈ గౌరవం పొందిన తొలి కట్టడం ఇదే. ఇక్కడ గుర్తింపు గుడి పేరిట దక్కింది. రుమేనియాలోని ట్రాన్సిల్వేనియాలో 1993లో బియెర్టాన్, 1999లో మరికొన్ని పల్లెలు కోట చర్చిలతో పాటు ఊళ్లుగానే జాబితాకెక్కాయి. పాలంపేటకూ ఆ చూపు అవసరం. కట్ట, తూము, పొలం, వీధి ఇవన్నీ గుడితో కలిసే రుద్రుడి కాలపు వారసత్వమవుతాయి. పరిరక్షణ ప్రణాళికల్లో వాటికీ చోటు దక్కినప్పుడే ఆ వారసత్వం పూర్తిగా భద్రమవుతుంది.