హార్మోనియం మాస్టారి గొంతు

న్యూయార్కులోని కెఫే కార్లైల్‌లో బాబీ షార్ట్ అనే గాయకుడు 1968 నుండి 2004 దాకా, తన పియానో తానే వాయించుకొంటూ పాడినాడు. అటువంటి గాయకుల పాటను స్టూడియోలో పట్టినదానికంటె, క్లబ్బులో శ్రోతల నడుమ పట్టినదాన్ని ఎక్కువగా ఆదరించే రసికులు అక్కడ ఉన్నారు. గ్లాసుల చప్పుడు, నవ్వు, పాటకూ పాటకూ నడుమ చెప్పే కబురు అందులో దోషాలు కావు, భాగాలు. మన ఆదోని, ఎమ్మిగనూరు సీమలో దీనికి సాటి ఏమున్నదని యోచిస్తే నాకు తట్టినవాడు పౌరాణిక నాటకాల హార్మోనియం మాస్టారు.

ఆయన వట్టి వాద్యగాడు కాడు. పగలంతా సేద్యం చేసి వచ్చిన రైతుకు పద్యం నేర్పేది ఆయనే. గుక్క ఎక్కడ తీసుకోవాలో, రాగం ఎక్కడ ఆపాలో చెప్పేదీ ఆయనే. నాటకంనాటి రాత్రి వేదిక పక్కన కాలి హార్మోనియం ముందు కూర్చుని, పాత్రధారి శ్రుతి తప్పితే స్వరం అందిస్తాడు, పద్యం మరచిపోతే ఎత్తుగడ అందిస్తాడు, గొంతు చాలకపోతే తానే గొంతు కలుపుతాడు.

ఈ సంప్రదాయానికి మా ప్రాంతంలో పాత వేళ్ళున్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనిది. ఆ బళ్ళారిలోనే ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు 1880ల్లో సరసవినోదినీ సభను నడిపి, తెలుగు నాటకంలోకి పాటను తెచ్చినారు. కోలాచలం శ్రీనివాసరావుగారు చారిత్రక నాటకాలకు పేరొందినారు. ఇటు తెలుగు నాటకం, అటు కన్నడ బయలాట. పల్లెల్లో రెండింటినీ చూచి ఆనందించే ప్రేక్షకులు ఒక్కరే.

విచిత్రమేమంటే, ధర్మవరంవారి మేనల్లుడైన బళ్ళారి రాఘవగారే (1880-1946) పద్యాన్ని రాగాలతో సాగదీయడాన్ని నిరసించినారు. నాటకం భావాన్ని చెప్పాలి గాని సంగీత కచేరీ కారాదన్నది వారి పక్షం. ఆయన గొంతు వినగోరేవారికి 1939లో వచ్చిన రైతుబిడ్డ వంటి సినిమాలున్నాయి. కాని సినిమా గొంతు వేరు, వేదిక మీది గొంతు వేరు.

హార్మోనియానికీ శత్రువులు లేకపోలేదు. ఐరోపాలో పుట్టిన ఆ పెట్టెలో స్వరస్థానాలు బిగించి ఉంటాయి, గమకం పలకదు. ఆ కారణంగా ఆలిండియా రేడియో 1940లో దానిని బహిష్కరించింది. ఆ నిషేధం 1971లో గాని సడలలేదు. ఆ మూడు దశాబ్దాలూ పల్లె వేదిక మాత్రం దానిని విడువలేదు. మైకు లేని రోజుల్లో వందలమందికి శ్రుతి వినిపించగల వాద్యం ఇంకొకటి ఏది?

ఇక ధ్వనిముద్రణ సంగతి. 78 వేగపు గ్రామఫోను ప్లేటు ఒక వైపున సుమారు మూడు నిమిషాలు మాత్రమే పట్టేది. వేదిక మీద ఒక్క పద్యం, దాని రాగం, "వన్స్ మోర్" కలిసి అంతకు రెండింతలు నడిచేది. కనుక ప్లేటు మీదికి ఎక్కింది పద్యం; తెగిపోయింది రాత్రి. ఫిలిప్స్ సంస్థ 1963లో తెచ్చిన కాసెట్టు ఈ కొరత తీర్చింది. 1980ల నాటికి పల్లెల్లో సైతం టేపురికార్డరు వచ్చింది. జాతర నాటకాలను వేదిక ముందు కూర్చుని పట్టుకొనే వీలు కలిగింది.

అట్టి కాసెట్లు కొన్ని నా వద్ద ఉన్నాయి. ఒకదానిలో ఒక వృద్ధ మాస్టారు వినిపిస్తాడు. ఒకప్పుడు ఐదున్నర శ్రుతిలో పాడిన గొంతని అప్పట్లో విన్నవారు చెప్పగా విన్నాను. కాసెట్టులో నాలుగుకు దిగింది. పైస్థాయికి పోవలసిన చోట ఆయన పోడు; అక్కడ వేళ్ళతో పలికించి, గొంతును కింద నిలిపి, మాటను స్పష్టంగా చెబుతాడు. రాఘవగారు కోరిన భావమూ, వారు వద్దన్న రాగమూ ఆ ముసలి గొంతులో రాజీపడినట్లు నాకు తోస్తుంది. పద్యం నడుమ పిల్లవాని ఏడుపు, ఎవరో దగ్గడం, కాలి తిత్తుల కిర్రుమనే మోత. ఒక చోట నాటకం ఆపి చదివింపులు చదువుతారు: ఫలానా ఊరివారు, పది రూపాయలు. ఆ రాత్రి ఎవరు ఏ ఊరినుండి వచ్చినారో, పద్యానికి ఏ విలువ కట్టినారో చెప్పే సాక్ష్యం మరెక్కడుంది? స్టూడియోలో పట్టి ఉంటే మొదట తుడిచివేసేది దీనినే.

అయస్కాంతపు పూత రాలిపోతున్నది; తేమకు టేపు బూజు పడుతున్నది. మా సీమ ఎండలకు చుట్టలు వంకర తిరుగుతున్నవి. ఇప్పటికే రెండు కాసెట్లు పలకడం మానినవి. ఈ నాటకాలను పట్టినవారు, ఆడినవారు ఒక్కొక్కరే వెళ్ళిపోతుండగా, ఆ గొంతు ఎవరిదో చెప్పగలవారూ తగ్గుతున్నారు. అట్టపెట్టె మీద ఊరూ, తేదీ, మాస్టారి పేరూ వ్రాసి లేని కాసెట్టు, ప్రతి కాపాడినా, సగం పోయినట్లే లెక్క.

కనుక చదువరులకు ఒక మనవి. మీ ఇంటి అటక మీద ఇటువంటివి ఉంటే పారవేయకండి. కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు "శుభ్రం" చేయబోయి, ఏడుపునూ దగ్గునూ చదివింపులనూ కత్తిరించకండి. ముందుగా ఇంటి పెద్దలను పక్కన కూర్చోబెట్టుకొని వినిపించండి; ఆ గొంతు ఎవరిదో వారు చెప్పినది వ్రాసిపెట్టుకోండి.